జోకు లేని ఉత్తరం

మా నాన్నకు నడుం పట్టేయడం వల్ల నేను ప్రేమలో పడ్డాను. వినడానికి ఒకదానికొకటి సంబంధం లేనట్టుంటుంది. కానీ ఆ నడుం ఇంకో ఆరునెలలు ఓపిక పట్టి ఉంటే, ఊరి చివరి గుర్రపుశాలకు ఎప్పటిలాగే ఆయనే వెళ్ళేవాడు. నేను రేసుగుర్రాల దగ్గర నా పని చూసుకుంటూ, నా అంత సరదా మనిషి ఇంకొకడు లేడన్న నమ్మకంతో హాయిగా బతికేసేవాణ్ణి.

మాది గుర్రాలకు నాడాలు కొట్టే వృత్తి. గుర్రం గిట్ట మన గోరులాగే పెరుగుతూ ఉంటుంది. ఆరువారాలకోసారి పాత నాడా ఊడదీసి, పెరిగిన గిట్ట చెక్కి, ఆకురాయితో సాపు చేసి, కొత్త నాడాను కొలిమిలో కాల్చి, కొలతకు వంచి, మేకులు కొట్టాలి. గుర్రాన్ని చూడగానే అందరూ కళ్ళంటారు, జూలంటారు, ఠీవి అంటారు. నాకు మాత్రం గుర్రమంటే నాలుగు గిట్టలు, వాటిపైన కొంత సామాను.

ఆ రోజు నాన్న హాల్లో చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకుని, ఇంటి కప్పుకు సూచనలిస్తున్నట్టు నాకు సూచనలిచ్చాడు.

"అక్కడ గొంతు పెంచకు. ఆ అమ్మాయికి నచ్చదు."

"ఏ అమ్మాయి?"

"శాల నడిపే అమ్మాయి."

"ఎలా ఉంటుంది?"

నాన్న కాసేపు ఆలోచించాడు. "గుర్రాల్ని శుభ్రంగా ఉంచుతుంది."

ముప్పై ఏళ్ళు గిట్టలు తప్ప మరేమీ చూడని మనిషి దగ్గర ఇంతకన్నా వర్ణన దొరకదు. ఇంట్లో ఉండేదే మేమిద్దరం. అమ్మ నా తొమ్మిదో ఏట పోయింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ నావే, మౌనమంతా ఆయనది.

శాల గేటు మూసి ఉంది. నేను మూడుసార్లు హారన్ కొట్టాను. లోపల గుర్రాల కంచె బయట ఎనిమిది మంది పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఎనిమిది తలలూ ఒక్కసారి నా వైపు తిరిగాయి. తొమ్మిదో తల ఒక తెల్లగుర్రానిది. అది కూడా అసహ్యంగానే చూసింది.

ఒక అమ్మాయి గేటు దగ్గరికి నడిచి వచ్చింది. పరుగెత్తలేదు, కంగారుపడలేదు. బూట్లు మోకాళ్ళ దాకా బురద, జడలో రెండు గడ్డిపరకలు. ఆమె పెదవులు కదిలాయి కానీ నాకేమీ వినపడలేదు.

"ఏంటండీ?" అని అరిచాను.

ఆమె మళ్ళీ ఏదో అంది, ఈసారి ఇంకా చిన్నగా. ఇంజన్ ఆపి, అద్దం దించి, తల బయటపెట్టాల్సి వచ్చింది.

"హారన్ కొట్టకండి అన్నాను."

"ఆ ముక్క కాస్త గట్టిగా చెప్పుంటే ముందే వినేవాణ్ణి కదండీ."

"హారన్ ఆపుంటే ముందే వినపడేది కదండీ."

గేటు తెరిచి పక్కకు తప్పుకుంది. పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెను వాళ్ళు 'నెమ్మదక్క' అంటారని తరవాత తెలిసింది. రోజుకు నూటయాభై సార్లు "నెమ్మదిగా" అంటుంది కాబట్టి. గుర్రాలతో, పిల్లలతో, నీళ్ళ పైపుతో కూడా.

వ్యానులోంచి దాగలి, అంటే నాడాలు పెట్టి కొట్టే ఇనుప దిమ్మ, దింపుతూ అడిగాను. "పిల్లలేం చేస్తున్నారక్కడ?"

"గుర్రాన్ని చూస్తున్నారు."

"అది ఏమీ చెయ్యట్లేదే."

"గంట చూశాక చెప్పండి."

ఆ వ్యవహారమేమిటో పని చేసుకుంటూ ముక్కలు ముక్కలుగా రాబట్టాను. ఆ పిల్లలందరూ పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు. బడి వద్దని పంపేసినవాళ్ళు కొందరు, బడినే వద్దనుకున్నవాళ్ళు కొందరు. గదిలో తలుపేసుకుని నెలల తరబడి బయటికి రానివాళ్ళు, చేతికందినదాన్నల్లా విసిరికొట్టేవాళ్ళు. వారానికి రెండురోజులు, పన్నెండు వారాల పాటు ఇక్కడికి వస్తారు. పేడ ఎత్తుతారు, గడ్డి వేస్తారు, మాలీషు చేస్తారు, గుర్రాన్ని తాడు పట్టుకుని నడిపిస్తారు. ఎక్కి స్వారీ చెయ్యడం ఆఖర్లో, అది కూడా గుర్రానికి అభ్యంతరం లేకపోతే.

"అంటే వీళ్ళకి గుర్రం కౌన్సెలింగ్ ఇస్తుందన్నమాట. అపాయింట్‌మెంట్ తీసుకోవాలా?"

"గుర్రానికి వీళ్ళ మార్కులు తెలీవు. వీళ్ళ మీద ఎవరేం కంప్లైంట్ ఇచ్చారో తెలీదు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఈ నిమిషంలో ఎలా ఉన్నాడో అదొక్కటే తెలుసు. అలా చూసేవాళ్ళు వీళ్ళకి ఇంకెక్కడా దొరకలేదు."

దీనికి నా దగ్గర ఒక మంచి జోకు సిద్ధంగా ఉంది. కానీ అది బయటికొచ్చేలోపు ఆమె వెళ్ళిపోయింది.

నేను ముందుగా పట్టుకున్నది ఆ తెల్లగుర్రం కాలే. దాని పేరు మేనేజర్. ఏ పనీ చెయ్యకుండా అందరి పనీ చూస్తూ తిరుగుతుందని పిల్లలు పెట్టిన పేరట. కాలెత్తి ఒళ్ళో పెట్టుకున్నానో లేదో, నాలుగువందల కిలోల మేనేజర్ తన బాధ్యతలన్నీ నా వీపుమీద మోపి నిద్రకు సిద్ధమయ్యాడు. నేను తిట్టాను. అతను ఇంకాస్త వాలాడు.

"మీరు ఊపిరి బిగబట్టారు. అందుకే వాలుతున్నాడు" అంది నెమ్మదక్క వెనకనుంచి.

"ఇరవయ్యారేళ్ళుగా పీలుస్తున్నానండీ. ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టలేదు."

అప్పుడు ఆమె నవ్వింది. ఆ నవ్వు కూడా నెమ్మదే. మొదలవడానికి కాస్త టైము తీసుకుంది, పూర్తవడానికి ఇంకాస్త. మధ్యలో ఆగిపోకుండా ఉండాలంటే ఇంకో జోకు వెయ్యాలని నాకు అప్పుడే అర్థమైంది. నా పతనం అక్కడ మొదలైంది.

ఆరువారాల తరవాత రావాల్సినవాణ్ణి. పదిరోజులకే వెళ్ళాను. ఆకురాయి మర్చిపోయానన్నాను. తరవాతి వారం సుత్తి మర్చిపోయానన్నాను. మూడోసారి తోలు ఏప్రన్ కోసం వెళ్ళేసరికి వాన మొదలైంది. రేకుల చూరు కింద ఇద్దరం నిలబడ్డాం. వెనకాల సగం తలుపుల మీంచి గుర్రాల తలలు, గుర్రాల పక్కనుంచి పిల్లల తలలు. ఆ రోజు వాళ్ళు ఎవర్ని గమనిస్తున్నారో చెప్పక్కర్లేదు.

"మొన్న ఆకురాయి, నిన్న సుత్తి, ఇవాళ ఏప్రన్" అంది నెమ్మదక్క వాన వైపు చూస్తూ. "వచ్చేవారం దాగలి మర్చిపోతారా?"

"అది డెబ్బై కిలోలండీ. ఎలా మర్చిపోతాను?"

"అదే నేనూ అనుకుంటున్నా. మర్చిపోవాలంటే చాలా కష్టపడాలి."

చూరు నుంచి నీళ్ళు సరిగ్గా నా కాలర్‌లోకి కారుతున్నాయి. జరగవచ్చు. జరిగితే ఆమెకు దూరమవుతాను. ఇరవై నిమిషాలు అలాగే తడిశాను. మర్నాడు తుమ్ముతుంటే బల్ల మీదనుంచి నాన్న, "ఆ శాలకు కప్పు లేదా?" అని మాత్రం అడిగాడు.

ఆరోవారం వచ్చింది. ఈసారి న్యాయంగానే వెళ్ళాను. పెద్దమ్మ అనే గోధుమరంగు ఆడగుర్రానికి నాడాలు మార్చాక, నెమ్మదక్క నా దగ్గరికొచ్చింది.

"గిట్ట ఎలా ఎత్తాలో పిల్లలకి చూపిస్తారా? నాకన్నా మీకే బాగా తెలుసు."

ఆ ఒక్క మాటకు నేను నేల మీద లేను. ఎనిమిది మందిని చుట్టూ నిలబెట్టి ఉపన్యాసం మొదలెట్టాను. భుజం పక్కన నిలబడి తోకవైపు తిరగాలి. చెయ్యి భుజం మీదనుంచి కిందికి జారుస్తూ కాలి దాకా తేవాలి. మడమ పైన మెల్లగా నొక్కాలి. అది ఇస్తేనే తీసుకోవాలి. మధ్యమధ్యలో జోకులు. పిల్లలు పడీపడీ నవ్వారు. రెండునెలల క్రితం పక్కింటి కారు అద్దం పగలగొట్టిన కుర్రాడు, పొట్ట పట్టుకుని నవ్వుతూ పెద్దమ్మ కాలెత్తాడు. ఒకరి తరవాత ఒకరు, ఏడుగురూ ఎత్తారు.

ఎనిమిదో అమ్మాయిని అందరూ హుడీ అంటారు. పదిహేనేళ్ళుంటాయి. ఎండైనా వానైనా స్వెటర్ టోపీ తలమీదే ఉంటుంది. ఏడాదిగా బడికి వెళ్ళట్లేదు. ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు.

ఆమె పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. చెయ్యి మోకాలి దాకా దిగింది. ఆగింది. మళ్ళీ భుజం దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ దిగింది. మళ్ళీ ఆగింది. ఐదు నిమిషాలైంది. నవ్వుల వేడి చల్లారిపోతోంది. నాకు అది భరించరానిదిగా ఉంది.

"కాస్త త్వరగా కానివ్వమ్మా" అన్నాను. "ఈలోపు గిట్ట ఇంకో అంగుళం పెరిగేట్టుంది. పెద్దమ్మ రిటైర్‌మెంట్ కూడా దగ్గర్లోనే ఉందట."

ఏడుగురూ పగలబడి నవ్వారు. నా జీవితంలో ఏ జోకూ అంత బాగా పేలలేదు. ఆ గొప్పదనం చూసుకోవడానికి నెమ్మదక్క ముఖం వైపు తిరిగాను. అక్కడ నవ్వు లేదు.

హుడీ చెయ్యి తీసేసింది. టోపీ ఇంకాస్త ముందుకు లాక్కుంది. ఎవరివైపూ చూడకుండా గేటు దాకా నడిచింది, తెరిచింది, బయటికెళ్ళి వెనక్కి తిరిగి గడియ జాగ్రత్తగా వేసింది. గుర్రాలున్నచోట గేటు తెరిచి పోకూడదని అక్కడ పిల్లలకు మొట్టమొదట నేర్పుతారు. ఆ గడియ చప్పుడుకు అందరి నవ్వూ ఆగిపోయింది.

నెమ్మదక్క కేకలేస్తుందనుకున్నాను. వేసినా బాగుండేది. పిల్లలు లోపలికెళ్ళేదాకా ఆగింది.

"నేను సరదాకి..." అన్నాను.

"తెలుసు. పోయినేడు క్లాసులో పాఠం చదువుతూ మధ్యలో ఆగిపోయింది ఆ అమ్మాయి. మాట పెగల్లేదు. క్లాసంతా సరదాకే నవ్వింది. ఒకడు సరదాకే ఫోన్‌లో వీడియో తీశాడు."

నేను ఏప్రన్ ముడి విప్పుకున్నాను.

"మొదటివారం కంచె బయట నిలబడింది. మూడోవారం లోపలికొచ్చింది. ఇవాళ పెద్దమ్మ మోకాలి దాకా వచ్చింది. మీ జోకుకి ఎంతసేపు పట్టింది?"

"నేను వెళ్ళి సారీ..."

"మీ సామానంతా సర్దుకోండి." ఆమె గొంతు ఎప్పటిలాగే చిన్నగా ఉంది. ఒక్క అక్షరం కూడా వినపడకుండా పోలేదు. "ఈసారి ఏదీ మర్చిపోకండి."

ఇంటికొచ్చి జరిగింది నాన్నకు చెప్పాను. చెప్పడంలో కూడా రెండుచోట్ల నవ్వించే ప్రయత్నం చేశానని చెబుతున్నప్పుడే తెలిసింది. ఆయన కప్పు వైపు చూస్తూ విన్నాడు. 

"మీ అమ్మ పోయిన రోజు ఇంటికి వచ్చినవాళ్ళందర్నీ నవ్వించావు నువ్వు. గుర్తుందా?"

"లేదు."

"అందరూ ఎంత ధైర్యం పిల్లాడికి అన్నారు. నాకు మాత్రం తెలుసు, నువ్వు వణికిపోతున్నావని. భయమేస్తే నీకు జోకొస్తుందిరా. మొదటిసారి నిన్ను గుర్రం కాలు పట్టుకోమన్నప్పుడు అరగంటసేపు నాకు జోకులు చెప్పావు."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను, నువ్వు పట్టుకునేదాకా పక్కన నిలబడ్డాను."

నాకు తెలిసి ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడ్డం అదే మొదలు. నేను వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, అవసరం లేకపోయినా గిన్నెలన్నీ కడిగాను.

మర్నాడు శాలకు వెళ్ళి, హారన్ కొట్టకుండా గేటు బయట అరగంట నిలబడ్డాను. నెమ్మదక్క నన్ను చూసింది. చూసి, మేనేజర్‌కు మాలీషు పూర్తిచేసి, బ్రష్ కడిగి ఆరబెట్టి, అప్పుడు వచ్చింది.

"హుడీ అడ్రసిస్తారా? సారీ చెప్పాలి."

"పిల్లల అడ్రసులు ఎవరికీ ఇవ్వను. ఉత్తరం రాయండి. చేరవేస్తాను."

"అంతేనా?"

"ముందు నేను చదువుతాను. జోకులుంటే చేరవెయ్యను."

ఉత్తరం రాయడం ఎంతసేపు అనుకున్నాను. నాడాలు కొట్టేవాడికి ఇనుము వంగుతుంది కానీ వాక్యం వంగదని ఆ వారంలో తెలిసింది. మొదటి ఉత్తరం రెండు పేజీలు. నెమ్మదక్క గేటు దగ్గరే నిలబడి చదివి వెనక్కిచ్చేసింది.

"ఆరు జోకులున్నాయి."

రెండోది తీసుకెళ్ళాను. "ఇందులో జోకుల్లేవు. కానీ సారీ కూడా లేదు. మీరెంత మంచివారో ఉంది."

మూడోది చదువుతూ పెదవి బిగించింది, ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి, కాసేపటికి తెచ్చి వెనక్కిచ్చింది. "నాలుగు జోకులు. ఈ పీ.ఎస్. తో కలిపి ఐదు."

నాలుగోదాంట్లో 'నీకు బాధ కలిగి ఉంటే' అని రాశాను. ఆ 'ఉంటే' కింద పెన్నుతో గీత గీసి ఇచ్చింది. ఐదోది మరీ ఏడుపుగొట్టుగా ఉందంది. "ఇది చదివితే ఆ అమ్మాయే మిమ్మల్ని ఓదార్చాల్సొస్తుంది." ఆరోది నేనే దారిలో చించేశాను.

ఏడోది ఇది:

'పెద్దమ్మ దగ్గర నువ్వు నిలబడిన తీరు తప్పు కాదు. నేను మొదటిసారి గుర్రం కాలు పట్టుకోవడానికి అరగంట తీసుకున్నాను. అంతసేపూ మా నాన్న ఆగాడు. నేను నీకోసం ఆగలేదు. అందరూ నా మాటకు నవ్వడం నాకు బాగుంది, అందుకే అన్నాను. అది తప్పు. నన్ను క్షమించమని అడుగుతున్నాను. నువ్వు శాలకు తిరిగి వస్తే, నేనక్కడ ఉండకూడదంటే ఉండను.'

నెమ్మదక్క దాన్ని రెండుసార్లు చదివింది. మడిచి జేబులో పెట్టుకుంది.  నన్ను గేటు లోపలికి రానిచ్చింది, ఒక గ్లాసు మంచినీళ్ళు కూడా ఇచ్చింది. అప్పటి నా పరిస్థితికి అది సన్మానం కిందే లెక్క.

వారం తరవాత ఫోన్ చేసింది. "జవాబొచ్చింది. చదువుతాను వినండి. 'వస్తాను. ఆ అన్న కూడా ఉండాలి. మేనేజర్‌ని తాడు లేకుండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించాలి. అందరి ముందు. మాట్లాడకుండా.' అంతే రాసింది."

"అది చాలా కష్టం కదండీ!"

"పిల్లలు ఐదోవారంలో నేర్చుకున్నారు" అని ఫోన్ పెట్టేసింది.

తొమ్మిదోవారం మొదటిరోజున శాల నిండా జనం. ఎనిమిది మంది పిల్లలు, వాళ్ళను దింపడానికొచ్చిన నలుగురు తల్లులు, గడ్డి తెచ్చిన లారీ డ్రైవరు. హుడీ కంచె మీద కూర్చుంది. మేనేజర్ మధ్యలో నిలబడి తోక ఊపుతున్నాడు.

నేను అతని భుజం పక్కన నిలబడి ముందుకు నడిచాను. పది అడుగులేశాక వెనక్కి తిరిగితే మేనేజర్ అక్కడే ఉన్నాడు. వెనక్కొచ్చాను. మళ్ళీ నడిచాను. ఈసారి అతను కూడా నడిచాడు, నీళ్ళతొట్టి వైపు. అందరూ నవ్వారు. నా నోట్లో మూడు జోకులు బారులు తీరి నిలబడ్డాయి. పెదాలు మూసుకున్నాను. చెవులు కాలిపోతున్నాయి. ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. సరిగ్గా ఆ గేటు వైపు.

ఇరవై నిమిషాలు అలాగే గడిచాయి. లారీ డ్రైవరు గడ్డి దించడం మానేసి సలహాలివ్వడం మొదలెట్టాడు. అప్పుడు కంచె మీదనుంచి ఒక గొంతు వినపడింది. సన్నగా, కాస్త ఆగిఆగి.

"ఎవరూ... నవ్వకండి. అన్నకి టైం ఇవ్వండి."

హుడీ గొంతు వినడం నాకదే మొదటిసారి. నవ్వులాగిపోయాయి. నాకు ఒళ్ళంతా ఒక్కసారి వదులైనట్టయింది. ఎవరినీ మెప్పించే పనిలేక ఊరికే నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. భుజానికి ఏదో వెచ్చగా తగిలింది. మేనేజర్ మూతి. నేను అడుగేశాను, అతను అడుగేశాడు. ఈ చివర నుంచి ఆ చివరకు ఇద్దరం నడిచాం. దారిలో అతను ఒకచోట ఆగి నేలను తనిఖీ చేశాడు, నేనూ ఆగాను.

హుడీ కంచె దిగింది. నా పక్కనుంచే పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది. భుజం మీద చెయ్యి పెట్టింది. కిందికి జార్చింది, ఆగింది, మళ్ళీ జార్చింది. ఎవరూ కదల్లేదు. లారీ డ్రైవరు కూడా చేతిలోని గడ్డిమోపు కింద పెట్టకుండా అలాగే నిలబడ్డాడు. పెద్దమ్మ నిట్టూర్చి, తన గిట్టను తీసి ఆ అమ్మాయి అరచేతిలో పెట్టింది.

హుడీ దాన్ని పట్టుకుని తలెత్తింది. టోపీ వెనక్కి జారిపోయింది. సరిచేసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మళ్ళీ చేసుకున్నట్టు నాకైతే గుర్తులేదు.

నేను నెమ్మదక్క వైపు చూశాను. ఆమె ముఖం తిప్పుకుని నీళ్ళ పైపును చాలా శ్రద్ధగా చుడుతోంది. దానికి "నెమ్మదిగా" అని చెప్పడం కూడా మర్చిపోయింది.

పన్నెండోవారం ఆఖరిరోజున పిల్లల ఇళ్ళవాళ్ళందరూ వచ్చారు. హుడీ పెద్దమ్మ మీద కూర్చుని రెండు చుట్లు తిరిగింది. వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటూ, పై నెల నుంచి కూతురు ఒంటిపూట బడికి వెళ్తానందని కనపడ్డవాళ్ళందరికీ చెప్పింది, నాకు రెండుసార్లు చెప్పింది. పిల్లలు వెళ్ళిపోయారు. ఆ రోజు పొద్దున్నే మా నాన్న బల్ల మీదనుంచి లేచి నిటారుగా నిలబడి, "వచ్చేసారి శాలకు నేనే వెళ్తాలే" అన్నాడు. కన్నతండ్రి కొట్టిన దెబ్బ అది. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదు.

జీనుల గదిలో నెమ్మదక్క కళ్ళేలు తుడిచి కొక్కేలకు తగిలిస్తోంది. నేను అందిస్తూ నిలబడ్డాను.

"మీతో ఒక మాట చెప్పాలి."

"జోకా?"

"కాదు."

"అయితే చెప్పండి."

"మీరంటే నాకిష్టం. వాన రోజు నుంచి. కాదు, హారన్ రోజు నుంచి. మీతో కలిసి బతకాలని ఉంది. భయంగా కూడా ఉంది. ఇప్పుడు నాకు రెండు జోకులొస్తున్నాయి, ఆపుకుంటున్నాను."

ఆమె కళ్ళెం తుడవడం ఆపలేదు. "మీరు రాసినవన్నీ చదివాను కదా. ఒక మనిషిని అంత వివరంగా ఎవరూ చదివి ఉండరు. అన్నిట్లోకీ నాకు మూడోది నచ్చింది."

"మూడోదాంట్లో ఐదు జోకులున్నాయని తిప్పికొట్టారు!"

"అది హుడీకి పనికిరాదన్నాను. నాకు నచ్చలేదని ఎప్పుడన్నాను? అది నా దగ్గరే ఉంది. మీకు వెనక్కిచ్చింది జిరాక్సు."

నేను కళ్ళెం కింద పడేశాను.

"నెమ్మదిగా" అంది. అని నవ్వింది. ఈసారి అది మొదలవడానికి ఏ టైమూ తీసుకోలేదు. "ఆనందపడిపోకండి. ఆదివారం మా ఇంటికి రావాలి. మా అమ్మకి గుర్రాలంటే పడదు. గుర్రాల వాసనంటే అసలు పడదు. నన్నే స్నానం చేస్తేగానీ హాల్లోకి రానివ్వదు."

వాళ్ళమ్మ ప్రసూతి ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళుగా హెడ్ నర్సు. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టారు. మిగతా సగం ఆవిడకు భయపడి వేరేచోట పుట్టి ఉంటారు. ఆదివారం నేను మూడుసార్లు స్నానం చేసి వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి, ముందు గాలి పీల్చింది.

"కూర్చోండి. ఆ కుర్చీలో కాదు, దాని కవరు ఉతికింది. ఇందులో."

ఇందులో కూర్చున్నాను. నా చదువు, పని, నాన్న నడుం, అన్నీ అడిగింది. అన్నిటికీ జోకు లేకుండా జవాబు చెప్పాను. గుమ్మం దగ్గర నెమ్మదక్క గోడకానుకుని చూస్తోంది.

"ఆ ఎడమచెయ్యి జేబులోనే ఎందుకుంది?" అంది హెడ్ నర్సు హఠాత్తుగా.

"ఏం లేదండీ."

"తియ్యండి."

తీశాను. మంగళవారం కొలిమి దగ్గర జారిన నాడా అరచేతి అంచున తగిలి, రూపాయి బిళ్ళంత మేర కాలింది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది.

"ఎప్పుడు కాలింది?"

"మంగళవారం."

"ఏం రాశారు?"

"ఏం రాయలేదండీ. ఊదుకున్నాను."



"ఊదుకున్నాడట!" అంది ఆవిడ కూతురి వైపు తిరిగి. "ఇంత మనిషి, ఐదురోజులు ఊదుకున్నాడట! ఆ పెట్టె ఇలా తీసుకురా."

పెట్టె వచ్చింది. ఆవిడ నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, కడిగి, మందు రాసి, తెల్లటి గాజుగుడ్డ చుట్టడం మొదలెట్టింది. చుడుతూ పాత మచ్చలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"ఇదెప్పటిది? ఇదీ? దీనికీ ఏం రాయలేదా? ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోమని చెప్పేవాళ్ళెవరూ లేరా నీకు?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో నేను గమనించలేదు. గొంతుదాకా ఒక జోకు వచ్చింది కానీ నోరు దాటలేదు. మా అమ్మ పోయాక నన్నిలా ఎవరూ తిట్టలేదు.

"ఇప్పటిదాకా లేరమ్మా" అంది నెమ్మదక్క గుమ్మం దగ్గరనుంచి.

ఆవిడ కూతురి వైపు చూసింది, నా వైపు చూసింది, కట్టుకు ముడి వేసింది. గట్టి ముడి.

"ఈ కట్టు తడపకు. వచ్చే ఆదివారం విప్పి చూడాలి. పొద్దున్నే రా, భోజనం ఇక్కడే. మీ నాన్నగారిని కూడా తీసుకురా, ఆ నడుం సంగతేంటో చూద్దాం."

గాయం పన్నెండో రోజుకల్లా శుభ్రంగా మానిపోయింది. ముప్పై ఏళ్ళ అనుభవమున్న హెడ్ నర్సుకు ఆ సంగతి తెలియదని నేననుకోను. అయినా పెళ్ళి తేదీ ఖాయమయ్యే దాకా ఆవిడ ప్రతి ఆదివారం ఆ కట్టు విప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, పెదవి విరిచి, ఇంకా పచ్చిగానే ఉందంటూ కొత్త కట్టు కడుతూనే ఉంది. నేనూ ప్రతిసారీ అబ్బా అంటూనే ఉన్నాను.